వెన్నెముక ఆపరేషన్ అయ్యాక వ్యాయామం: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ వరుసలో చేయాలి, ఎక్కడ ఆగాలి

డిశ్చార్జ్ కాగితం చివర్లో "నడక, ఫిజియోథెరపీ" అని రెండు మాటలు రాసి పంపిస్తారు. మళ్లీ డాక్టరు కనపడేది రెండు మూడు వారాల తర్వాతే. ఈలోపు ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఒక సలహా ఇచ్చిపోతాడు. మూడు నెలలు మంచం దిగొద్దని ఒకరు, మా బావమరిది పదో రోజే బండి తోలాడని ఇంకొకరు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి ఫిజియో కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఈ రెండు రకాల్లో ఏదో ఒకటే: భయంతో అసలు కదలనివాళ్లు, నొప్పి తగ్గింది గదా అని మొత్తం ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు. ఇద్దరికీ ఇబ్బందే. పనికొచ్చేది వరుస. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నా.

ఇది నడుం భాగంలో ఆపరేషన్ అయినవాళ్లకు. మెడ ఆపరేషన్‌కు, వెన్నులో టీబీ, గడ్డ, ఎముక విరగడం లాంటి వాటికి చేసిన ఆపరేషన్లకు లెక్కలు వేరు, వాళ్లు దీన్ని చూసి చేయొద్దు. ఇంకో మాట, మీ సర్జన్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి, మీ నడుం లోపల చూసింది ఆయనే.

1. మీకు జరిగిన ఆపరేషన్ ఏదో ముందు తెలుసుకోండి

"నడుం ఆపరేషన్" అంటే చాలదు. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి, లేదా ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించండి.

డిస్కెక్టమీ, మైక్రోడిస్కెక్టమీ అని ఉంటే నరాన్ని నొక్కుతున్న డిస్క్ (రెండు పూసల మధ్య మెత్తలా ఉండేది) ముక్క తీసేశారని అర్థం. కోత చిన్నది, కాలి లాగుడు తొందరగా తగ్గుతుంది, అసలు చిక్కు అక్కడే, ఎందుకంటే బాగుందనిపించి తొందరపడతారు, లోపల డిస్క్ గోడకు పడిన చిల్లు మాత్రం ఇంకా మానుతూనే ఉంటుంది, ఆ వారాల్లో గట్టిగా వంగితే అదే చోట నుంచి మళ్లీ ముక్క బయటికి రావచ్చు.

లామినెక్టమీ, డీకంప్రెషన్ అంటే నరాలకు దారి ఇరుకైపోతే ఎముక కొంత తీసి వెడల్పు చేశారు. పెద్ద వయసు వాళ్లలో ఎక్కువ. వీళ్లకు నడకే సగం వైద్యం.

ఫ్యూజన్, టీఎల్ఐఎఫ్, పీఎల్ఐఎఫ్ అని ఉంటే స్క్రూలు, రాడ్లు వేసి రెండు వెన్నుపూసలను ఒకటిగా అతుక్కునేలా చేశారు. శ్లాబు పోసినప్పుడు సెంట్రింగు ఎలాగో, ఈ స్క్రూలూ అంతే: పట్టుకుని ఉంచుతాయి, కానీ బరువు మోయాల్సింది గట్టిపడిన ఎముకే. అది అతుక్కోవడానికి 3 నుంచి 6 నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. కాబట్టి కింద నేను రాసిన వారాల లెక్క మీకు ఇంకా వెనక్కి జరుగుతుంది, ఎక్స్‌రే చూసి డాక్టరు చెబితేనే ముందుకు.

డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాల్సినవి:

- ఏ ఆపరేషన్, ఎన్ని పూసలకు?
- వంగడం, మెలి తిరగడం, బరువెత్తడం ఎన్నాళ్లు వద్దు?
- ఎన్ని కిలోల దాకా ఎత్తొచ్చు?
- బెల్టు వేసుకోవాలా, ఎప్పుడు, ఎన్నాళ్లు?
- నొప్పి బిళ్లల్లో ఏవి వాడొచ్చు? ఫ్యూజన్ అయినవాళ్లు ఇది తప్పక అడగాలి, సొంతంగా మెడికల్ షాపులో కొనుక్కోవద్దు.

2. ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి ఆస్పత్రికి వెళ్లాలి

ఇది అందరూ దాటేసే భాగం. దయచేసి మీతో పాటు ఇంట్లో ఇంకొకరి చేత కూడా చదివించండి.

- మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. విరేచనం మీద పట్టు తప్పడం
- తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం
- పాదం పైకి లేవకపోవడం, చెప్పు కాలి నుంచి జారిపోవడం, కాలు కొత్తగా బలహీనపడటం
- జ్వరం, చలి, కుట్ల దగ్గర ఎరుపు, చీము, నీరు కారడం
- లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి, పడుకుంటే తగ్గడం
- ఒక పిక్క వాచి, వేడిగా ఉండి నొప్పి పుట్టడం

పైవాటిలో మొదటి మూడు లక్షణాలూ కొన్ని గంటల్లోనే తేల్చాల్సినవి. "పొద్దున చూద్దాం" అనొద్దు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నట్టుండి వస్తే 108కి ఫోన్ చేయండి.

3. ఇల్లు సర్దుకోండి

వ్యాయామం చేసేది రోజుకు అరగంట. మిగతా ఇరవైమూడున్నర గంటలు ఇంట్లో ఎలా మసలుతున్నారన్నదే నడుమును బాగుచేసేది, పాడుచేసేది.

మంచం: నవారు మంచం వద్దు, మధ్యలో గుంట పడి నడుం వంగిపోతుంది. చెక్క మంచం మీద మామూలు దూది పరుపో, కాస్త గట్టి పరుపో చాలు. కింద చాప మీద పడుకోవడం మొదటి వారాల్లో వద్దు, పడుకోవడం కష్టం కాదు, లేవడమే కష్టం.

బాత్రూం: కింద కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. నెల్లూరు పొగతోటలో గానీ ఒంగోలులో గానీ సర్జికల్ షాపుల్లో అడిగితే చూపిస్తారు. స్నానానికి ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు, మగ్గు అందేంత ఎత్తులో బకెట్. మలబద్ధకం రానివ్వొద్దు, ముక్కితే నడుం మీద ఒత్తిడి పడుతుంది, నొప్పి బిళ్లల వల్ల మలబద్ధకం మామూలే కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, కావాలంటే డాక్టరునడిగి మందు.

వంటిల్లు: రోజూ వాడే గిన్నెలు నడుం ఎత్తులో పెట్టించండి. బియ్యం డబ్బా కింది అరలో ఉంటే పైకి మార్పించండి.

కుర్చీ: వీపు నిటారుగా, చేతులున్నది. సోఫాలో కూరుకుపోవద్దు. మొదట్లో 20-30 నిమిషాలకు మించి ఒకే పట్టున కూర్చోవడం వద్దు, సీరియల్ మధ్యలో ప్రకటన వచ్చినప్పుడల్లా లేచి నాలుగు అడుగులు వేస్తే సరిపోతుంది.

ఆపరేషన్ చెన్నైలో చేయించుకుని నెల్లూరుకు కారులో వచ్చేవాళ్లు చాలామంది. దాదాపు 175 కిలోమీటర్లు. ముందు సీటు కొంచెం వెనక్కి వాల్చుకుని, నడుం వెనక చిన్న తువ్వాలు చుట్ట పెట్టుకుని, గంటలోపే ఒకసారి దిగి నడవండి. సూళ్లూరుపేట దాకా ఆపకుండా వచ్చేస్తాం అనుకోవద్దు.

4. మంచం మీద నుంచి లేవడం నేర్చుకోండి

అదేం వ్యాయామం అనుకోవద్దు, ఇదే మొదటి పాఠం. మామూలుగా మనం తల ఎత్తి, నడుం మీద బలం పెట్టి లేస్తాం. ఇక నుంచి ఇలా:

1. రెండు మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మడవండి.
2. భుజం, తుంటి, మోకాలు మూడూ ఒకేసారి తిరిగేలా పక్కకు దొర్లండి. భుజం ముందు తిరిగి తుంటి వెనకపడితే నడుం మెలిపడినట్టే.
3. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి వేలాడేయండి.
4. అదే సమయంలో కింది మోచేతితో, పై అరచేతితో మంచాన్ని నెట్టి కూర్చోండి.
5. అర నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని లేవండి.

పడుకునేటప్పుడు ఇదే తిరగేసి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి నరాల మందులు వాడేవాళ్లకు మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది, తెల్లవారుజామున బాత్రూంకి లేచేటప్పుడు లైటు వేసుకునే కదలండి.

5. మొదటి వ్యాయామం నడకే

యంత్రాలు, రబ్బరు బెల్టులు, యూట్యూబ్ వీడియోలు అన్నీ తర్వాత. డాక్టరు వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే ఇంటికొచ్చిన రోజు నుంచే నడక.

ఒకేసారి అరగంట కాదు. 5 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. రెండు మూడు రోజులకొకసారి ఒక్కో విడతకు ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ఆరో వారానికి ఒకే విడతలో 25-30 నిమిషాలు నడవగలిగితే బాగున్నట్టు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం ఎక్కువైంది.

ఎక్కడ నడవాలి అనేది మన దగ్గర చిన్న విషయం కాదు. సమంగా ఉన్న సిమెంటు రోడ్డు, మిద్దె, లేదా స్టేడియం గ్రౌండు బాగుంటాయి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లో ఇసుక మీద వద్దు, కాలు దిగబడి ప్రతి అడుగుకూ నడుం అటూ ఇటూ ఊగుతుంది. రొయ్యల గుంటల కట్టల మీద, పొలం గట్ల మీద అసలే వద్దు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వీధికుక్కలు ఎక్కువగా ఉన్న సందు కూడా మార్చుకోండి, నవ్వొచ్చినా సరే, కుక్క మీదికొస్తే మనిషి ఒక్కసారిగా మెలి తిరుగుతాడు, ఆ మెలికే మనం వద్దంటున్నది.

ఎండాకాలంలో, రోహిణి కార్తె రోజుల్లో మరీనూ, పొద్దున ఏడు లోపు ముగించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలకు వీధులు జారుతుంటాయి, అప్పుడు హాల్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు. బోరు కొడుతుంది, నిజమే. ఫోన్‌లో పాటలు పెట్టుకోండి కానీ ఫోన్ చూస్తూ వంగి నడవొద్దు.

చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పులు వద్దు.

6. మొదటి ఆరు వారాలు: పడుకుని చేసేవి

కుట్లు మానుతున్న కాలం. ఇవి మంచం మీదే చేయొచ్చు.

పాదాల కదలిక: వెల్లకిలా పడుకుని పాదాలు పైకి, కిందికి. మెలకువగా ఉన్నంతసేపు గంటకు 20 సార్లు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇది ముఖ్యం.

పొట్ట బిగింపు: మోకాళ్లు మడిచి పడుకోండి. రెండు వేళ్లు తుంటి ఎముక ముందు భాగానికి కాస్త లోపలగా ఆనించండి. బొడ్డు కింద భాగాన్ని మెల్లగా లోపలికి లాగండి, బిగువైన ప్యాంటు గుండీ పెట్టుకునేటప్పుడు లాగినంతే. వేళ్ల కింద కండరం కొంచెం గట్టిపడాలి. నడుం కదలకూడదు, ఊపిరి ఆగకూడదు. 5 అంకెలు లెక్కపెట్టి వదలండి, 10 సార్లు. ఊపిరి బిగపట్టేస్తున్నారేమో తెలియాలంటే అంకెలు పైకి లెక్కపెట్టండి, గొంతు ఆగితే ఊపిరి ఆగినట్టే. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత చేసే ప్రతి వ్యాయామం దీని మీదే నిలబడుతుంది, ఇది రానిదే ముందుకు వెళ్లొద్దు.

పిరుదుల బిగింపు: బిగించి 5 అంకెలు, వదలాలి, 10 సార్లు.

మడమ జార్చడం: పొట్ట బిగించి, ఒక మడమను మంచం మీద జారుస్తూ కాలు చాపి మళ్లీ మడవాలి. కాలికి 10 సార్లు.

ఈ ఆరు వారాలూ బరువు రెండు మూడు కిలోలు దాటొద్దు. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను 20 కిలోలు, నిండు బిందె పది కిలోల పైనే, మనవడు ఎంత బరువుంటాడో మీకే తెలుసు. పిల్లాడిని ఎత్తుకోవాలనిపిస్తే మీరు కుర్చీలో కూర్చోండి, వాణ్ణి ఎవరైనా తెచ్చి ఒళ్లో పెడతారు.

7. ఆరు నుంచి పన్నెండు వారాలు: బలం పెంచేవి

డిస్కెక్టమీ వాళ్లకు సాధారణంగా ఆరో వారం చెకప్ అయ్యాక. ఫ్యూజన్ వాళ్లు డాక్టరు ఒప్పుకున్నాకే. ఒక్క రోజులో అన్నీ మొదలుపెట్టొద్దు, మూడు రోజులకొకటి కలపండి. అప్పుడే ఏది పడింది, ఏది పడలేదు అన్నది తెలుస్తుంది.

కుర్చీ నుంచి లేవడం: కుర్చీ ముందు అంచుకు జరగండి, పాదాలు మోకాళ్ల కిందకు లాక్కోండి, పొట్ట బిగించి, నడుం నిటారుగానే ఉంచి తుంటి దగ్గర ముందుకు వాలి లేవండి. దిగేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా. 8-10 సార్లు, రెండు విడతలు. ఇంట్లో ఒక్కటే చేయగలను అంటే ఇదే చేయండి.

నడుం ఎత్తడం: వెల్లకిలా, మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుమును కొంచెం లేపాలి. ఒక బెత్తెడు చాలు. నడుం విల్లులా వంగిందంటే ఎక్కువ ఎత్తినట్టు. 8 సార్లు.

పక్కకు పడుకుని మోకాలు తెరవడం: మడమలు కలిపే ఉంచి పై మోకాలు మాత్రం లేపండి. తుంటి వెనక్కి దొర్లిపోకూడదు. పక్కకు 10.

గోడ పట్టుకుని మడమలెత్తడం: 10-15 సార్లు. కాలు బలహీనపడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఇది చాలా అవసరం.

చేతులు, మోకాళ్ల మీద: ముందు ఒక చేయి చాపి దించడం. ఓ వారం తర్వాత ఒక కాలు. ఆ తర్వాత కుడి చేయి, ఎడమ కాలు కలిపి, 5 అంకెలు. సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటానికి నడుం మీద ఖాళీ స్టీలు పళ్లెం ఒకటి పెట్టించుకోండి. కాలు చాపినప్పుడు పళ్లెం జారి మోగిందంటే నడుం తిరిగిందన్నమాట, కాలు తక్కువ ఎత్తు లేపండి. మోగినప్పుడల్లా ఇంట్లో పిల్లలు లెక్కపెట్టి ఎగతాళి చేస్తారు, అదీ మంచిదే.

తుంటి దగ్గర వంగడం: చీపురు కర్ర పొడవుగా వీపుకు ఆనించి, తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య, మూడు చోట్లా తగిలేలా పట్టుకోండి. మోకాళ్లు కొంచెం మడిచి పిరుదులు వెనక్కి నెడుతూ ముందుకు వాలండి. ఎక్కడైనా కర్ర వదిలితే ఆగండి. రేపు బకెట్ ఎత్తినా, నారుమడిలో నిలబడినా వంగాల్సింది ఇలాగే.

8. ఈ రోజు చేసినదానికి తీర్పు రేపు పొద్దున

వ్యాయామం చేసేటప్పుడు కొంచెం పట్టేసినట్టు ఉండటం మామూలే. పదికి మూడు, నాలుగు లోపు నొప్పి అయితే కొనసాగించండి. రాత్రికి తగ్గి, మరుసటి పొద్దున ఎప్పటిలాగే ఉంటే అదే మోతాదు. హాయిగా ఉంటే కొంచెం పెంచండి. పొద్దున లేచేసరికి నిన్నటికంటే బాగా ఎక్కువైతే సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు.

నొప్పి ఎంత అన్నదానికంటే ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. నడుం దగ్గరే కండరం నొప్పిగా ఉంటే పెద్ద భయం లేదు. పిరుదు నుంచి తొడకు, తొడ నుంచి పిక్కకు కిందికి దిగుతుంటే ఆ వ్యాయామం వెంటనే ఆపాలి. రెండు రోజులు ఆపినా దిగుతూనే ఉంటే డాక్టరుకు చూపించండి.

తిమ్మిరి వేరే సంగతి. నొప్పి ముందు పోతుంది, తర్వాత బలం వస్తుంది, మొద్దుబారడం చాలాసార్లు నెలల తరబడి ఉండి మెల్లగా తగ్గుతుంది. పాతదే, పెరగకుండా ఉంటే కంగారు వద్దు.

వ్యాయామం చేయడం కోసమని ఇంకో నొప్పి బిళ్ల వేసుకోవద్దు. ఆపాల్సిన చోట ఆపమని చెప్పే నొప్పిని మీరే నోరు మూయించినట్టవుతుంది.

9. ఎక్కువగా చూసే తప్పులు, వాటికి విరుగుడు

నడుం తొక్కించుకోవడం. పల్లెల్లో ఇంకా ఉంది, పట్టు వదులుతుందని పిల్లల చేత తొక్కిస్తారు. ఆపరేషన్ అయిన నడుముకు ఇది ఎప్పటికీ వద్దు. నాటువైద్యుడి దగ్గర విరిపించుకోవడమూ అంతే.

బెల్టు విప్పకపోవడం. ఏడాది దాకా బెల్టు వేసుకుని తిరిగేవాళ్లున్నారు. చెప్పిన గడువు అయ్యాక డాక్టరునడిగి రోజుకో గంట తగ్గిస్తూ మానేయండి, లేకపోతే కండరాలు పని మర్చిపోతాయి.

యోగా తొందర. సూర్య నమస్కారాలు, పశ్చిమోత్తానాసనం, హలాసనం, కాళ్ల వేళ్లు అందుకోవడం, పడుకుని రెండు కాళ్లూ ఒకేసారి లేపడం, సిటప్‌లు, ఇవి మొదటి మూడు నెలల్లో వద్దు. ఫ్యూజన్ అయినవాళ్లు వీటిలో కొన్ని ఎప్పటికీ మానుకోవాల్సి రావచ్చు. ప్రాణాయామం కూర్చుని మెల్లగా చేసుకోవచ్చు, కపాలభాతి మాత్రం ఆపండి.

మొక్కులు. సాష్టాంగ నమస్కారం, పొర్లుదండాలు వాయిదా వేసుకోండి. నమాజు కుర్చీలో కూర్చుని చేయొచ్చు. మాలకొండకు శనివారం తోపులాటలో వెళ్లాల్సిన అవసరం కూడా ఇప్పుడే లేదు, దేవుడు ఎక్కడికీ పోడు.

పొగ. పొగాకు పండించే ప్రాంతంలో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ బీడీ, చుట్ట, సిగరెట్టు ఏదైనా ఫ్యూజన్ అయిన ఎముక అతుక్కోకుండా చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు అది అదుపులో ఉందో లేదో చూసుకోండి, గాయం మానడం దాని మీదే ఉంటుంది.

నొప్పి పోగానే మానేయడం. అన్నిటికంటే ఎక్కువమంది చేసేది ఇదే. కనీసం మొదటి ఏడాది వారానికి మూడు రోజులన్నా బలం పెంచే వ్యాయామాలు సాగాలి, నడక రోజూ.

10. పనిలోకి ఎప్పుడు

కూర్చుని చేసే పనికి డిస్కెక్టమీ వాళ్లు చాలావరకు మూడు నుంచి ఆరు వారాల్లో వెళ్లగలుగుతారు, ఫ్యూజన్ వాళ్లకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. మొదటి వారం సగం పూట అడగండి. బస్సులో వెళ్లేవాళ్లు వెనక చక్రం మీది సీటు, చివరి సీటు వద్దు, మధ్యలో కూర్చోండి.

బండి తోలడం డాక్టరు ఒప్పుకున్నాకే, అదీ మత్తు తెప్పించే మందులు ఆపాకే. సెంటర్ స్టాండు వేయడం, కిక్కు కొట్టడం ఇంకొన్నాళ్లు వద్దు, సైడు స్టాండు, సెల్ఫ్ స్టార్ట్ చాలు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆపినంత పని చేయండి.

పొలం, రొయ్యల గుంటలు, చీమకుర్తి క్వారీ పనుల వాళ్లకు మూడు నుంచి ఆరు నెలలు. ఒక రొయ్యల రైతు రెండో నెలలోనే "కాలు లాగడం లేదు గదా" అని మేత బస్తా భుజానికెత్తుకున్నాడు. 25 కిలోలు. ఎత్తేటప్పుడు ఏమీ కాలేదు, పడవలోకి పక్కకు తిరిగి దించేటప్పుడు కాలు మళ్లీ లాగింది. బరువు, వంగడం, మెలి, ఈ మూడూ ఒకేసారి కలిసే చోటు అదే. పక్కకు దించాల్సి వస్తే నడుం కాదు, పాదాలు తిప్పండి.

డాక్టరు సరేనన్నాక కూడా బరువు మెట్లు మెట్లుగా: రెండు వారాలు 5 కిలోలు, తర్వాత రెండు వారాలు 8, తర్వాత 10-12. ప్రతి మెట్టు దగ్గరా మరుసటి పొద్దున పరీక్ష పాసవ్వాలి. బస్తా మోయక తప్పదంటే దాన్ని రెండు సంచుల్లోకి పోసి రెండుసార్లు తిరగండి. గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వితే, ఒక సంచి వాళ్ల చేతికివ్వండి.